పది రూపాయల రసీదు

మా కాలనీ సంఘం గదికి రంగు వేయించడానికి ఇనుప బీరువాను వరండాలోకి జరిపారు. తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంది. నాఫ్తలీన్ ఉండలు, చెమ్మ పట్టిన కాగితాలు, వాటి వెనకాల సన్నగా సైక్లోస్టైల్ ఇంకు. కింది అరలో అట్టలూడిన రసీదు పుస్తకాలు, మినిట్స్ పుస్తకాలు, గోనెగుడ్డలో చుట్టిన వాల్వు తాళం. పై అరలో శ్రీరామనవమి సామాన్ల జాబితా. ఒక్కొక్కటీ దుమ్ము దులుపుతుంటే అప్పట్లో కాలనీ ఎలా నడిచేదో గుర్తుకు రాసాగింది. ఆ పనులు చేతులారా చేసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. గుర్తున్నంతవరకు రాసిపెట్టడం అవసరం అనిపించింది.

మాది బెంగళూరులో కృష్ణరాజపురం వైపు, పాత మద్రాసు రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న లేఅవుట్. దూరవాణినగర్‌లో ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీ, 1948లో మొదలైంది. అక్కడ పనికని కోలారు, మదనపల్లె, హిందూపురం, చిత్తూరు వైపుల నుంచి వచ్చినవాళ్లు కొన్నేళ్లు క్వార్టర్సులో ఉండి, రిటైరయ్యేలోపు ఒక సైటు కొనుక్కుందామని చూసేవాళ్లు. గృహనిర్మాణ సహకార సంఘం ఒకటి రాగిచేలు కొని, 30x40 అడుగుల సైట్లు గీసి, మట్టిరోడ్లు వేసి అమ్మింది. అమ్మకం అయ్యాక దాని పని అయిపోయింది. రోడ్లు, కాలువలు, పార్కు స్థలం స్థానిక సంస్థకు కాగితం మీద అప్పగించేదాకా అక్కడ ఎవరూ పైసా ఖర్చుపెట్టరు. పంచాయతీకి వెళ్తే అప్పగింత కాలేదనేవారు. సహకార సంఘానికి వెళ్తే అప్పగించేశామనేవారు. ఆ ఇద్దరి మధ్య నలిగినవాళ్లంతా కలిసి పెట్టుకున్నదే మా క్షేమాభివృద్ధి సంఘం. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 ప్రకారం నమోదుకు ఏడుగురు చాలు. మొదటి మినిట్స్ పుస్తకంలో ఆ ఏడు సంతకాలూ ఉన్నాయి. మూడు కన్నడంలో, రెండు తెలుగులో, ఒకటి తమిళంలో, ఒకటి ఇంగ్లీషులో.

మొదటి ఆదివారం

నెలలో మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చందా వసూలు. ఇంటికి పది రూపాయలు. ఎప్పుడూ ఇద్దరేసి వెళ్లాలి, ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. ఒకరి చేతిలో రసీదు పుస్తకం, రెండోవారి చేతిలో ఇంటి నంబర్ల వరసలో గీసిన రిజిస్టరు. రసీదు పుస్తకానికి నంబర్లు ముందే అచ్చయి ఉండేవి. మధ్యలో కార్బన్ పెట్టి రాస్తే పై కాగితం ఇంటివాళ్లకు, కిందిది పుస్తకంలో. రాయడంలో తప్పు దొర్లితే రెండు ప్రతులూ అడ్డంగా కొట్టేసి పుస్తకంలోనే ఉంచాలి, చించకూడదు. సాయంత్రం ట్రెజరరుగారు మొదటి నంబరు, చివరి నంబరు చూసి, మధ్యలో ఒక్కటి తగ్గినా డబ్బు లెక్కపెట్టకుండా పుస్తకం వెనక్కి ఇచ్చేవారు.

ఆయన పెట్టిన ఇంకో కట్టుబాటు ఇప్పటికీ ప్రతి సంఘానికీ అవసరమైనదే. వసూలైన డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా నేరుగా ఖర్చుకు తీయకూడదు. అదంతా సోమవారం బ్యాంకులో పడాలి. ప్లంబరుకో కూలీకో ఇవ్వాల్సింది విడిగా పెట్టిన చిల్లర ఖర్చుల డబ్బులోంచి, ఓచరు మీద. వసూలు డబ్బులోంచే ఇచ్చేస్తే జమ ఎంతో ఖర్చు ఎంతో సాయంత్రానికే కలగలిసిపోతాయి, ఏడాది చివర ఆడిటరు అడిగినప్పుడు మంచివాళ్లకే మాటొస్తుంది.

రిజిస్టరులో చివరి గడి ఫిర్యాదులది. దాని విలువ ఆ రోజుల్లో మాకే పూర్తిగా తెలియదు. "రండి సార్, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటూ లోపలికి పిలిచి, చిల్లర వెతుకుతూ ఇంటావిడ చెప్పే ముక్కలన్నీ అందులోకి ఎక్కేవి. స్తంభం మీద దీపం లేదు. పక్క సైటులో పాము కనిపించింది. మామగారికి ఒంట్లో బాగాలేదు, రాత్రి ఆటో దొరకడంలేదు. వచ్చే నెల అమ్మాయి పెళ్లి, పార్కు పక్కన షామియానా వేసుకోవచ్చా? పదకొండున్నరకల్లా లేఅవుట్‌లో ఏ ఇల్లు ఎలా ఉందో సంఘానికి తెలిసిపోయేది.

మూడు నెలలు చందా ఇవ్వనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలని ప్రతి కమిటీలోనూ ఒకరు పట్టుబట్టేవాళ్లు. మా పెద్దలు ఒప్పుకోలేదు, అదే సరైన పని. ఇవ్వకపోవడానికి ఎక్కువగా రెండే కారణాలు. ఒకటి, వాళ్లు చెప్పిన పని జరగలేదన్న కోపం. రెండు, ఇంట్లో నిజమైన ఇబ్బంది. మొదటిదానికి ఆ కాలువేదో బాగుచేయించి అడగాలి. రెండోదానికి ఎదురింటివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఊరికే పలకరించి రావాలి. ఆడవాళ్లు వసూలుకు వెళ్లిన క్రాసుల్లో (అడ్డవీధుల్లో) బాకీ దాదాపు ఉండేది కాదు. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు చందా ఫోనులోంచి నేరుగా ఖాతాకు వెళ్తుంది. లెక్క ఇంత శుభ్రంగా మునుపెన్నడూ లేదు, ట్రెజరరు ఆదివారాలు ఇంట్లో ఉంటున్నారు. ఫిర్యాదుల గడి మాత్రం పోయింది. గ్రూపులో రాసేవాళ్లు రాస్తారు. రాయనివాళ్ల ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలిసే దారి అదొక్కటే ఉండేది.

నోటీసు

మొదటి సెక్రటరీగారు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు. నోటీసులు సైక్లోస్టైల్‌లో తీసేవాళ్లు. అందుకు మైనం పూత ఉన్న స్టెన్సిల్ కాగితం మీద, టైపు మిషనులో రిబ్బను పక్కకు తప్పించి, అక్షరాలు కాగితాన్ని కోసేలా గట్టిగా కొట్టాలి. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి, ఆరాక దాని మీదే మళ్లీ కొట్టాలి. ఆరకముందే కొడితే స్టెన్సిల్ చిరిగి సున్నా మధ్యభాగం ఊడివచ్చేది. పైన కన్నడం, కింద ఇంగ్లీషు. తెలుగు, తమిళం నోటితో చెప్పేవాళ్లం. బోర్డులకు అంటించే జిగురు మైదాతో కాచేవాళ్లు, చిటికెడు మైలుతుత్తం వేసి. అది వేయకపోతే వారంలో పురుగు పట్టేది, ఆవులొచ్చి కాగితంతో సహా నాకేసేవి.

నీరు బంతు

బెంగళూరుకు కావేరి నీళ్లు 1974లో వచ్చాయి. తొరెకాడనహళ్లి నుంచి సుమారు 100 కిలోమీటర్లు, మూడు చోట్ల పంపులెక్కుతూ దాదాపు 500 మీటర్ల ఎత్తుకు చేరే ఆ నీళ్లు మా శివారుకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు బోర్లే దిక్కు.

లేఅవుట్‌ను నాలుగు భాగాలు చేసి, రోజు మార్చి రోజు ఒక్కో భాగానికి ముప్పావు గంట నీళ్లు. వాల్వుమ్యాన్ అన్న తెల్లవారకముందే సైకిల్‌కు ఆ పొడవాటి టీ ఆకారపు తాళం కట్టుకుని వచ్చేవాడు. నేలలో చిన్న ఇనుప మూత తీసి, తాళం దించి, గడియారం తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పేవాడు. మా నాలుగంగుళాల వాల్వులకు పద్నాలుగో పదిహేనో తిప్పులు. మొదటి మూడు తిప్పుల తర్వాత ఆగి వినేవాడు. పైపులో ఉన్న గాలి ముందు పోవాలి. ఒక్కసారిగా తెరిస్తే నీటి దెబ్బకు పాత జాయింట్లు ఊడతాయి. గాలి బుసకొట్టడం తగ్గి గలగల మొదలయ్యాక మిగతా తిప్పులు. అంతలో కుళాయి దగ్గర కాచుకున్న పిల్లలు "నీరు బంతు!" (నీళ్లొచ్చాయి) అని కేక పెట్టేవాళ్లు. ఏ భాషవాళ్ల పిల్లలైనా ఆ ఒక్క కేక కన్నడంలోనే.

చివరి ఇళ్లకు నీళ్లందకపోవడం మా సంఘం చరిత్రలో అతి పాత తగాదా. కారణం చాలాసార్లు పైపు చిన్నదవడం కాదు, మధ్యలో నాలుగైదు ఇళ్లవాళ్లు లైనుకే మోటారు బిగించడం. ఇందులో పక్కింటి నీళ్లు లాక్కోవడం కంటే పెద్ద ప్రమాదం ఉంది. మోటారు పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లున్న చోట చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాగుతుంది. వాంతులు, విరేచనాలు ఒకే క్రాసులో మొదలయ్యాయంటే ముందు చూడాల్సింది ఇదే. నీళ్లొచ్చే వేళకు ఇద్దరు చివరి ఇంటి కుళాయి దగ్గర నుంచి మొదలుపెట్టి, మోటారు మోత వింటూ నడిచేవాళ్లు. తలుపు కొట్టి గొడవపడితే మోటారు రాత్రికి మారుతుంది, అంతే. పని చేసిన మార్గం వేరు. సంపులోకి నీళ్లు దిగే పైపును రోడ్డు మట్టానికి కిందుగా పెట్టిస్తే మోటారు లేకుండానే సంపు నిండుతుంది. మోటారు సంపు నుంచి పై ట్యాంకుకు చాలు. ఆ మార్పుకు పట్టే పైపు, ఎల్బోలు సంఘం కొనిపెట్టింది, కూలి ఇంటివాళ్లది. అలా క్రాసు తర్వాత క్రాసు లైను మోటార్లు తగ్గాయి.

బోరు మోటార్లు కాలిపోయేది ఎక్కువగా వేసవిలో. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీదే మోటారు లాగడానికి చూస్తుంది, వైండింగు వేడెక్కి మాడిపోతుంది. ఫేజు పోగానే స్టార్టరును ఆపేసే ప్రివెంటరు ఖర్చు, ఒక్క రీవైండింగు ఖర్చుతో పోలిస్తే ఏపాటిది? నీళ్లు లేకుండా ఒట్టిగా తిరగడం రెండో కారణం. దాని కోసం మా వాళ్లు నెలకొకసారి తెల్లవారుజామున, మోటారు వేయకముందు, తాడుకు బరువు కట్టి బోరులోకి దించి నీటిమట్టం రాసేవాళ్లు. ఆ పుస్తకం కూడా బీరువాలో దొరికింది. పేజీలు తిప్పుతుంటే మట్టం ఏడాదికేడాది ఎలా దిగిపోయిందో చెయ్యి మారిన రాతల్లోనే కనిపిస్తుంది.

సంపు కడగడం ఏడాదికి రెండుసార్లు. ముందు స్విచ్చి ఆపి ఫ్యూజు పీకి సెక్రటరీ జేబులో వేసుకోవాలి. మూతలన్నీ గంటసేపు తెరిచి ఉంచాలి. లోపల ఒకరుంటే పైన ఒకరు కదలకుండా కూర్చోవాలి. పాచి గీకి, బురద ఎత్తి, కడిగాక నీళ్లు నింపి వెయ్యి లీటర్లకు 200 గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, కొన్ని గంటలు వదిలేసి ఆ నీళ్లు పారబోసేవాళ్లు. రోజువారీ తాగేనీటికైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేట మాత్రమే సంపులోకి. అరగంట తర్వాతే నీళ్లు వదలాలి. సంచి విప్పి తేమలో ఉంచిన పౌడరులో క్లోరిన్ మిగలదు, అలాంటిది ఎంత వేసినా వాసన తప్ప ఫలితం ఉండదు. చిన్న చిన్న డబ్బాల్లో కొనడం అందుకే.

వానాకాలం

వాననీటి కాలువ వేరు, మురుగు లైను వేరు. కాలువ రోడ్డు పక్కన పోయి రాజకాలువలో (పెద్ద వాననీటి కాలువలో) కలిసి చెరువుకు వెళ్లాలి. మురుగు లైను నేల కింద తొమ్మిదంగుళాల గొట్టంలో శుద్ధికేంద్రానికి వెళ్లాలి. ఈ రెండూ కలిసే చోటల్లా బాధే. పెద్దవాన పడ్డప్పుడు పల్లంలో ఉన్న ఆరో క్రాసులో మ్యాన్‌హోల్ మూతలు లేచిపోయి, కింది అంతస్తుల బాత్రూముల్లోంచి మురుగు వెనక్కి తన్నేది. ఏళ్లతరబడి గొట్టం పూడిందనే అనుకుని వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కు దూర్చి ఆడించేవాళ్లు. మర్నాడు బాగుండేది. మళ్లీ వాన, మళ్లీ అదే.

అసలు కారణం మిద్దెల మీద ఉంది. మిద్దె నుంచి దిగే పైపును రోడ్డు కాలువ దాకా తీసుకెళ్లాలంటే ఇంకో పదడుగుల పైపు కావాలి. మురుగు చాంబరేమో పక్కనే ఉంది. మేస్త్రీ అందులోకే వదిలేస్తాడు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,300 లీటర్లు. నలభై ఇళ్ల వీధిలో అందరూ ఇలాగే కలిపితే గంటలో తొంభై వేల లీటర్లకు పైగా, ఇంటి వాడకం నీళ్ల కోసం వేసిన గొట్టంలోకి. మూత లేవక ఏం చేస్తుంది?

ఈ సంగతి పట్టుకున్నది రైల్వేలో పనిచేసిన ఒక పెద్దాయన. ప్రతి ఇంటి మిద్దె తూము దగ్గర బకెట్ నీళ్లలో బట్టల నీలం కలిపి పోయించి, కింద చాంబరు మూత తీసి చూసేవారు. నీలం కనిపిస్తే పుస్తకంలో ఒక గుర్తు. ఇంటివాళ్లు కళ్లారా చూసేవాళ్లు కాబట్టి వాదన ఉండేది కాదు. "చూశావామ్మా, మీ మిద్దె వాన ఆరో క్రాసులో ఆ ముసలమ్మగారింట్లో తేలుతోంది" అనేవారు మెల్లగా. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. నాలుగంగుళాల పైపు, రెండు ఎల్బోలు, ఒక పూట పని. రెండు వేసవులు పట్టింది, ఆరో క్రాసు మూతలు లేవడం ఆగింది. మా సంఘం చేసిన పనులన్నింటిలోకీ ఇదే గొప్పదని నా నమ్మకం. దీనికి శిలాఫలకం లేదు.

మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం మాత్రం ఎంత అత్యవసరమైనా వద్దు. రక్షణ సామగ్రి లేకుండా అలా మనిషి చేత మురుగు తీయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం రాకముందు కూడా లోపలి విషవాయువు ఒక్క నిమిషంలో ప్రాణం తీసేది. నీటి ఒత్తిడితో గొట్టం శుభ్రం చేసే జెట్టింగ్ మిషను వచ్చేదాకా వీధంతా నీటి వాడకం తగ్గించుకుని కాచుకోవాలి.

రోడ్డు కాలువల పూడిక ఏప్రిల్, మే నెలల్లోనే తీయాలి, ఎందుకంటే సెప్టెంబరులో ఈ ఊరి వాన అన్నింటికన్నా ఎక్కువ. తీసిన బురదను గట్టున ఆరబెట్టి వారంలోపు ట్రాక్టరు ఎక్కించకపోతే మొదటి జల్లుకే మొత్తం తిరిగి కాలువలోకి వస్తుంది. మూతబండలు రెండడుగులకు మించకుండా, ఎత్తడానికి కొక్కేలతో పోయించాలి. పొడుగు బండలు ఎవరూ ఎత్తరు, ఎత్తని బండ కింద కాలువ ఉందన్న సంగతే మరుస్తారు.

2009లో వాననీటి సంరక్షణ తప్పనిసరి చేశాక, పార్కులో ఇంకుడు బావులు తవ్వించాం. తవ్వినవాళ్లు మన్ను వడ్డర్లు. బెంగళూరు చుట్టూ తరతరాలుగా బావులు తవ్వుతున్నది వాళ్లే, ఇంట్లో మాట్లాడేది తెలుగు. "ఇక్కడ వద్దన్నా, బండ తగులుతుంది, అటు జరుగుదాం" అని మట్టి చేతిలోకి తీసుకుని చెప్పేవాళ్లు. మూడడుగుల వెడల్పు సిమెంటు రింగులు ఇరవై అడుగుల లోతుకు దించితే సుమారు నాలుగు వేల లీటర్లు పడుతుంది. అడుగు మూయకూడదు. రింగుల చుట్టూ జల్లి నింపాలి. నీళ్లు బావిలో పడకముందు ఒక మట్టి తొట్టిలో నిలిచి, బురద అక్కడే దిగాలి. ఆ తొట్టిని ఏటా ఎత్తకపోతే బావి అడుగు మూసుకుపోతుంది. మురుగు లైనుకు దగ్గరలో అసలు తవ్వకూడదు.

మూల మీది తొట్టి

చెత్తకు క్రాసు మూలల్లో సిమెంటు రింగు తొట్లు ఉండేవి. చుట్టూ కుక్కలు, ఆవులు. 2000 తర్వాత తోపుడు బండి, ఈల వచ్చాయి. 2007లో కృష్ణరాజపురం నగరసభ (మునిసిపాలిటీ) బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీలో కలిసింది. 2012లో మావళ్లిపుర డంపు మూసేసినప్పుడు ఊరంతా చెత్త పేరుకుంది. మాకు ఆ బాధ ఇంకా దగ్గరిది. పాత మద్రాసు రోడ్డు మీదుగా మండూరు డంపుకు పోయే చెత్త లారీలు మా ముందు నుంచే వెళ్లేవి. మన ఇంటి చెత్త మరో ఊరి బావుల్లోకి దిగుతోందని ఆ ఊరివాళ్లు 2014లో రోడ్డెక్కి చెప్పాకగానీ చాలామందికి తెలియలేదు.

2015 చివర్లో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి తప్పనిసరి చేసింది. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, శానిటరీ వ్యర్థాలకు ఎరుపు, పొడి చెత్తకు సంచి. దాన్ని మా దగ్గర నిలబెట్టింది నోటీసులు కాదు. పొద్దున ఏడింటికి బండి వెంట నడిచిన నలుగురు గృహిణులు. "అక్కా, తడి బుట్టలో పాలకవరు పడింది చూడండి" అని అక్కడికక్కడే తీయించేవాళ్లు. చెత్త తీసుకెళ్లే పౌరకార్మికురాలి చేత ఆ మాట చెప్పించకూడదన్నది వాళ్ల పట్టు. ఆమె చెబితే కొందరు కసురుకుంటారు, పక్కింటావిడ చెబితే సిగ్గుపడతారు.

రాలిన ఆకులకు పార్కులో కోళ్ల జాలీతో నాలుగడుగుల పంజరాలు కట్టారు. జానెడు ఆకు, దాని మీద పేడనీళ్లు, మళ్లీ ఆకు. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే కుళ్లు వాసన వస్తుంది, ఎండుటాకు కలపాలి. పొడిగా ఉంటే ఏళ్లు గడిచినా ఆకు ఆకులాగే ఉంటుంది. పదిహేను రోజులకొకసారి తిరగేస్తే నాలుగు నెలల్లో ఎరువు.

నవమి

శ్రీరామనవమికి బెంగళూరులో ప్రతి వీధి మొగదలా పానకం, కోసంబరి, మజ్జిగ పంచుతారు. మా జాబితా ఒకే చేతిరాతలో ఉంది, పక్కన తర్వాతివాళ్లు దిద్దిన లెక్కలు. 50 లీటర్ల పానకానికి ఆరు కిలోల బెల్లం, 75 గ్రాముల మిరియాలు, అంతే శొంఠి, 50 గ్రాముల ఏలకులు, పాతిక నిమ్మకాయలు. బెల్లం ముందు రాత్రే నానబెట్టి పల్చటి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ఇసుక పంటికి తగులుతుంది. నిమ్మరసం పడ్డాక అల్యూమినియం గిన్నెలో ఉంచకూడదు. కోసంబరికి నాలుగు కిలోల పెసరపప్పు గంటసేపు నానితే చాలు. ఎక్కువ నానితే మెత్తబడుతుంది. కీరదోస ముక్కలు, ఉప్పు పంచే ముందే కలపాలి, లేదంటే నీరు దిగి పులుస్తుంది.

పొద్దున ఆరింటికి మా సంఘం గది ముందు మిరియాలు దంచే రోలు చప్పుడు. ఒక పెద్దావిడ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకో రెండు దెబ్బలెయ్యి నాయనా, గొంతులో పడితే పిల్లలకు దగ్గొస్తుంది" అనేది. సంఘానికి సొంతంగా 200 స్టీలు గ్లాసులు, నాలుగు గంగాళాలు ఉండేవి. మిగతా రోజుల్లో ఇళ్లలో శుభకార్యాలకు అరువిచ్చేవాళ్లు. తీసుకున్నవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని, సొట్ట ఉందా అని రాసే పుస్తకం వేరు. పేరు చెక్కించని గ్లాసులు తిరిగిరావని తెలిశాక అన్నింటి మీదా సంఘం పేరు చెక్కించారు. కాగితం కప్పులొచ్చాక ఆ గ్లాసులు గోతాంలో పడ్డాయి. ఈ మధ్య చెత్త తగ్గించాలని మళ్లీ తీశారు. తోమేవాళ్లు దొరికితే చాలు, గ్లాసులు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

వీధి దీపాలు వేసే వంతు కూడా ఇళ్లకు ఉండేది. స్తంభానికి ఉన్న పెట్టెలో స్విచ్చి, చీకటి పడగానే ఒకరు వేస్తే తెల్లవారాక అదే ఇంటివారు ఆర్పేవారు. రాత్రి గూర్ఖా కర్ర చప్పుడు ఏ క్రాసులో ఎన్ని గంటలకు వినిపించాలో అందరికీ తెలుసు. వినిపించకపోతే పొద్దున్నే అతని గదికి మనిషి వెళ్లేవాడు, జ్వరమేమోనని.

మినిట్స్ పుస్తకం

అధ్యక్షుడు దొరకడం ఏనాడూ కష్టం కాలేదు. సెక్రటరీ దొరకడమే కష్టం. ఎవరేం మాట్లాడారో రాయడం మినిట్స్ కాదని మొదటి సెక్రటరీగారు చెప్పేవారు. ఏం తీర్మానించారు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, ఎంత డబ్బు. నాలుగే. అదే రాత్రి రాసి పడుకోవాలి. తర్వాతి సమావేశం మొదట్లో అవి చదివి, కాని పనికి ఎందుకు కాలేదో అడగాలి. కొత్త కమిటీ వచ్చిన నెలలోపే బ్యాంకు సంతకాలు మార్చుకోవాలి, తీర్మానం నకలు లేకుండా బ్యాంకు మార్చదు. జనరల్ బాడీ అయ్యాక పాలకవర్గం జాబితా, ఆడిట్ అయిన లెక్కలు రిజిస్ట్రారుకు ఏటా దాఖలు చేయాలి. ఒక్క ఏడు మానేస్తే రెండో ఏడు మానడం సులువు. అలా వదిలేసిన సంఘాలు ఏదో ఒక రోజు కోర్టు కాగితం వచ్చినప్పుడు తాము కాగితం మీద ఉన్నామో లేదో తెలియక చేతులెత్తేశాయి.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగేది కమిటీ మారినప్పుడు. వాల్వులు ఎక్కడున్నాయో వాల్వుమ్యాన్ అన్నకు తెలుసు, ఆయన పోయాడు. రోడ్డుకు తారు మీద తారు వేసినప్పుడు మూడు వాల్వు పెట్టెలు కింద పూడిపోయాయి. బోరు ఎంత లోతో అప్పటి ట్రెజరరుకు తెలుసు, ఆయన కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. పంపు పాడై పైకి తీసినప్పుడల్లా ఎన్ని పైపులు దిగాయో మళ్లీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

ఈ ఏడాది సెక్రటరీ అయినది రెండో క్రాసులో అద్దెకుండే అమ్మాయి, నెల్లూరు వైపు వాళ్లు. అద్దెవాళ్లకు పదవి ఏమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆమె మొదటి నెల చేసిన పని అప్పగింత జాబితా. వీధిదీపాల మీటర్ల ఆర్.ఆర్. నంబర్లు (కరెంటు కనెక్షన్ నంబర్లు), స్తంభాల నంబర్లు, ప్రతి వాల్వుకూ దగ్గరి గేటు నుంచి అడుగుల్లో దూరం, ఎన్ని తిప్పులు, తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి. పాత పుస్తకాలు ముందేసుకుని, మిగిలిన పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి అడిగి రాసింది. "అంకుల్, ఇది ఫోనులోనే ఉంటే నేను ఇల్లు మారినరోజు నాతోనే పోతుంది" అని, రంగులు వేసేవాడి చేతే పంపుగది గోడ మీద నల్లరంగుతో రాయించింది. రెండో బోరు, లోతు 640 అడుగులు. పంపు 560 అడుగుల దగ్గర. ఏడున్నర హెచ్‌పీ, 20 స్టేజీలు. 28 పైపులు, ఒక్కొక్కటి ఇరవై అడుగులు. కింద పంపు చివరిసారి ఎత్తిన తేదీ, దాని పక్కన తర్వాతివాళ్లు రాసుకోవడానికి ఖాళీ గడులు.